ఆరో ప్రశ్న: డాబా కలదా?

1984 ఎండాకాలం. ఎమ్మిగనూరు ప్రాంతంలో గ్రామసేవికగా చేరి అప్పటికి నాలుగేళ్లయింది నాకు. గ్రామసేవిక అంటే సమితి ఆఫీసు తరఫున ఊళ్లు తిరిగి, ప్రభుత్వ పథకాలను ఆడవాళ్ల దగ్గరికి చేర్చే ఉద్యోగి. పిల్లలకు పాలపొడి పంచడం, మహిళా మండలి సమావేశాలు పెట్టించడం, పొగ రాని పొయ్యిలు కట్టించడం మా పనులు. ఇవి కాక, ఎవరికి అప్పగించాలో ఆఫీసుకు తోచని పని ఏదొచ్చినా అదీ మా నెత్తినే పడేది. మాది కృష్ణా జిల్లా. మొదటి ఏడాది అక్కడి మాట సగం అర్థమయ్యేది కాదు. నాలుగేళ్లకు అంతా వచ్చేసిందని గర్వపడ్డాను. ఆ గర్వం ఎలా దిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆ ఏడు మా నెత్తిన పడిన కొత్త పని సోలార్ కుక్కర్. ఇప్పటివాళ్లు ఇంటి కప్పు మీద పలకలు పెట్టి కరెంటు తీస్తున్నారు గాని, అప్పట్లో ఇంట్లో సౌరశక్తి అంటే ఈ పెట్టె ఒక్కటే. సూట్‌కేసు కంటే కాస్త పెద్దది. లోపల నల్లరంగు, పైన రెండు అద్దాల మూత, ఆ మూతకు ఆనుకొని ఒక నిలువుటద్దం. నల్లరంగు పూసిన గిన్నెల్లో బియ్యం, పప్పు, నీళ్లు పోసి ఎండలో పెడితే రెండు మూడు గంటల్లో ఉడుకుతాయి. మధ్యమధ్యలో పెట్టెను ఎండ వైపు తిప్పుతుండాలి. ధరలో కొంత ప్రభుత్వం భరించేది. దాన్నే సబ్సిడీ అంటారు. ఆ సబ్సిడీ కోసం అప్లికేషన్ నింపి ఆదోనిలోని ఆఫీసుకు పంపాలి.

ఎమ్మిగనూరుకు సైకిలు దూరంలో ఉన్న ఒక ఊళ్లో మగ్గాల వీధి ఉండేది. నా మొదటి డెమాన్‌స్ట్రేషన్, అంటే చేసి చూపించడం, అక్కడే పెట్టాను. పది గంటలకు పెట్టె పెడితే పన్నెండున్నరకు అన్నం, కందిపప్పు ఉడికాయి. ఆడవాళ్లు చుట్టూ చేరి ఒక్కొక్క మెతుకూ వేళ్లతో నలిపి చూశారు.

"రొట్టె కాలుతాదా అమ్మా దీంట్లో?" అని అడిగింది ఈరమ్మ. జొన్నరొట్టె లేనిదే ఆ వీధిలో పూట గడవదు.

"కాలదు ఈరక్కా, అన్నం, పప్పు, కూర అవుతాయి. రొట్టెకు పొయ్యి వెలిగించాల్సిందే" అన్నాను. అబద్ధం చెప్పి అంటగట్టడం నాకు చేతకాదు.

"సగం పొగ తప్పినా సాలమ్మా నాకు" అంది.

ఆ మాట ఊరికే అన్నది కాదు. ఈరమ్మకు నలభై దాటాయి. భర్త ఉరుకుందప్ప మగ్గం నేస్తాడు. ఈరమ్మ పని అచ్చు అతకడం. పడుగు అంటే మగ్గం మీద నిలువుగా చాపిన దారాలు. ఒక పడుగు నేత అయిపోగానే మిగిలిన పాత పోగుల చివరలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా పురి తిప్పి అతకాలి. వేళ్లకు బూడిద రాసుకొని కూర్చుంటే వందల పోగులు. ఒక్క పోగు తప్పినా బట్టంతా గీత పడుతుంది. ఆ వీధిలో ఆమె అంత నున్నగా అతికేవాళ్లు లేరు. పది మగ్గాల వాళ్లు ఆమెకోసం కాచుకునేవారు. అలాంటి మనిషికి కళ్లు నీళ్లు కారడం మొదలైంది. వంటకు వాడేది పత్తికట్టె. పచ్చిగా ఉంటే ఇల్లంతా పొగ. ఆదోనిలో కళ్లడాక్టరు చూసి, పొగ దగ్గర కూర్చోవద్దని, కూర్చుంటే ఎడమకన్ను త్వరగా పోతుందని చెప్పాడట.

"కూర్సోవద్దంటాడు డాక్టరు. నేను కూర్సోకుంటే వంట ఆయప్ప వచ్చి సేస్తాడా?" అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "ఇప్పుడే పోగు రెండుగా కనపడతాందమ్మా. కన్ను పోతే నాకు పనేముంది ఈ వీధిలో?" అంది.

మర్నాడే అప్లికేషన్లు నింపడానికి అరుగు మీద కూర్చున్నాను. సైక్లోస్టైల్ చేసిన కాగితాలు, అంటే ఇప్పటి జెరాక్సుకు పెద్దమ్మ లాంటి మిషన్ మీద తీసినవి, సగం అక్షరాలు అలికేసినట్టు ఉండేవి. చదువు రానివాళ్లే ఎక్కువ కాబట్టి ప్రశ్న నేను చదవాలి, వాళ్లు చెప్పింది నేనే రాయాలి. ఆరో ప్రశ్న "డాబా కలదా?" అని ఉంది.

"డాబా ఉందా?" అని అడిగాను.

"లేదు" అంది ఈరమ్మ.

రాసుకున్నాను. పక్కామెను అడిగాను. లేదు. ఆ పక్కామెను అడిగాను. లేదు. నాలుగో ఆమెను అడిగేసరికి వెనకనుంచి అదే వీధిలో ఉండే హుసేన్‌బీ అందుకుంది. "అరే, ఉంటే నిన్నెందుకు అడుగుతాం సేవికమ్మా!"

అందరూ గొల్లుమన్నారు. నేనూ నవ్వాను. డాబా ఇల్లు కట్టుకునే స్తోమతు ఉంటే ప్రభుత్వాన్ని ఎందుకు అడుగుతామని చమత్కరించిందనుకున్నాను. ఎంత చక్కగా చెప్పిందో అని మెచ్చుకున్నాను కూడా. ఆ తర్వాత ఆ ప్రశ్న అడగడమే మానేసి, మిగతా కాగితాలన్నిటి మీదా నేనే "లేదు" అని రాసుకుంటూ పోయాను. వాళ్లకు కాలం కలిసొస్తుంది, నాకు నోటి శ్రమ తప్పుతుంది అనుకున్నాను.

రెండు నెలల తర్వాత కట్టంతా వెనక్కి వచ్చింది. ప్రతి కాగితం మీదా ఎర్ర సిరాతో ఒకటే ఎండార్స్‌మెంట్. ఎండార్స్‌మెంట్ అంటే ఆఫీసువాళ్లు కాగితం మీద రాసే తీర్పు. "డాబా లేనందున అనర్హులు." నీడ పడకుండా, పశువులు తగలకుండా ఉండాలని పెట్టెను ఇంటి కప్పు మీదే పెట్టాలనేది నియమమట. ఆ నియమం సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. మరో పక్క ఆదోనిలో పెద్ద పెద్ద ఇళ్లవాళ్లకు పెట్టెలు వచ్చేశాయి. ఒక ఇంటికి పనిమీద వెళ్తే, ఆ ఇంటావిడ దాన్ని కప్పు మీద కోతులకు భయపడి అప్పడాలు దాచే పెట్టెగా వాడుతోంది. ఆవిడకు గ్యాసు పొయ్యి ఉంది. నాకు ఒళ్లు మండింది, కాని ఆవిడ ఇచ్చిన అప్పడం తిని వచ్చాను.

మగ్గాల వీధికి ఈ కబురు మోసుకుపోవడం నాకు చాలా కష్టమైంది. ఈరమ్మ ఇంటి గడపలో కూర్చొని, పెట్టెను ఇంటి కప్పు మీద పెట్టాలట, అందుకే ఇవ్వలేదట అని చెప్పాను.

"మిద్దె మీద పెట్టాలంటనా?"

"అవును."

"మరి మాకు మిద్దెలు లేవా?"

"నేను ఒక్కొక్కరినీ అడిగాను కదా ఈరక్కా, డాబా ఉందా అని. లేదన్నారు."

"డబ్బా ఉందా అని గదా నువ్వు అడిగినావు?"

"డబ్బా కాదు. డాబా."

"ఆ డబ్బానే గదమ్మా మేం అడుగుతాండేది! ఎండ డబ్బా! అది ఉంటే మళ్లా అడుగుతామా? ముందే ఉందంటే ఇయ్యరేమోనని గట్టిగా లేదని సెప్పినాం!"

ఆ వీధిలో మొదటి రోజునుంచీ సోలార్ కుక్కర్‌ను ఎండ డబ్బా అనే పిలుస్తున్నారు. నేనూ వినే ఉన్నాను. నేను వేగంగా చదివిన డాబా వాళ్ల చెవిలో డబ్బా అయింది. హుసేన్‌బీ మాటకు ఆ రోజు వాళ్లూ నేనూ రెండు రకాలుగా నవ్వుకున్నామన్నమాట.

"డాబా అంటే ఏంది అసలుకు?" అని అడిగింది ఈరమ్మ.

"పైన చదునుగా ఉండే కప్పు. పైకెక్కి తిరగొచ్చు."

ఆమె లేచి, ఇంటిపక్కన ఉన్న నిచ్చెన సరిచేసి, "ఎక్కు" అంది.

చీర కుచ్చిళ్లు బిగించి ఎక్కాను. పైన ఎటు చూసినా చదునే. బండలు పరిచి, చౌడుమన్ను మెత్తి గట్టిపరిచిన కప్పు. దాన్నే అక్కడ మిద్దె అంటారు. ఈ ఇంటి కప్పు ఆ ఇంటి కప్పుతో కలిసిపోయి వీధి చివరిదాకా నడిచిపోవచ్చు. ఒకచోట మిరపకాయలు ఆరబోశారు. ఒకచోట మడిచిన పరుపులున్నాయి. ఎండాకాలం వాళ్లు పడుకునేది అక్కడే. మా వైపు మట్టిగోడ కనిపిస్తే పైన పెంకో తాటాకో ఉంటుంది. అందుకే మట్టిగోడలు చూసి, ఆ పైన ఏముందో ఆలోచించనే లేదు నేను. నాలుగేళ్లుగా ఆ వీధిలో ప్రతి అరుగు మీదా కూర్చున్నాను. ఒక్క మిద్దె ఎక్కలేదు.

"ఇదేనా మీ డాబా?" అంది ఈరమ్మ.

ఇదేనన్నాను.

సరిదిద్దడం పెద్ద పని కాదనుకున్నాను. కాగితాల మీద "లేదు" కొట్టేసి "ఉంది" అని రాసి పంపితే సరి. ఆ మాటే చెప్పాను. అందరూ సంతోషించారు, హుసేన్‌బీ తప్ప. ఆమెది ఆదోని. అక్కడినుంచి దూదేకే ఇంటికి కోడలిగా వచ్చింది. వీధి చివర రేకుల కొట్టంలో కాపురం. ఆ వరసలో అలాంటివి మరో అయిదారు ఇళ్లున్నాయి.

"నాకు మిద్దె లేదు. అయితే నాకు ఇయ్యరా?" అంది. "ధూప్‌కి డాబా యాల సేవికమ్మా? నా వాకిట్లో పడే ఎండ ఏం తక్కువ ఎండనా?"

ధూప్ అంటే ఎండ, యాల అంటే ఎందుకు. నియమం అట్లా ఉందని గొణిగాను. ఈరమ్మ గోడకు ఆనుకొని ఆలోచిస్తూ కూర్చుంది. "ఆయమ్మ అడిగిందే సరైన మాట. వాళ్లు కప్పు ఉందా అని అడుగుతాండారు. ఎండ ఉందా అని అడగాల గదా?" అంది.

ఎండ ఉందో లేదో నిరూపించేదెలా అని నాకు అనుమానం. ఉరుకుందప్ప అప్పటిదాకా మగ్గం గుంతలోంచి వింటున్నాడు. "ఆ లెక్క మాకు కొత్తనా?" అన్నాడు. నేత వీధులు వెడల్పుగా, తిన్నగా ఉంటాయి. పొద్దున్నే పడుగును వీధి పొడవునా చాపి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెడతారు. నీడ పడితే పడుగు ఆరదు. ఎండ ముదిరితే పోగు పెళుసవుతుంది. అందుకని ఏ నెలలో ఏ గంటకు ఏ గడప దాకా ఎండ వస్తుందో ఆ వీధిలో ప్రతివాడికీ తెలుసు. ఉరుకుందప్ప చెబుతుంటే నేను రాశాను. హుసేన్‌బీ వాకిట్లో తొమ్మిదికి మొదలై నాలుగు దాకా ఎండ కదలదని తేలింది. వీధి మొత్తంలో మంచి ఎండ ఆమెదే.

ఆ కాగితం, నా దగ్గరున్న డెమాన్‌స్ట్రేషన్ పెట్టె తీసుకొని ఒక బుధవారం ముగ్గురం ఆదోని బస్సెక్కాం. ఈరమ్మ, హుసేన్‌బీ, నేను. పెట్టెను చూసి కండక్టరు, "ఏ నాటకం కంపెనీ అమ్మా మీది? హార్మోనియం పైన యెయ్యండి" అన్నాడు. అద్దాలున్నాయని బతిమాలి ఒళ్లో పెట్టుకున్నాం. పగిలితే నా జీతంలోంచి పోతుందని నేను, పగిలితే సాక్ష్యం పోతుందని వాళ్లు, దారి పొడవునా దాన్ని పసిబిడ్డలా పట్టుకున్నాం.

ఆఫీసు ఆవరణలో, కప్పూ గిప్పూ లేని నేల మీద పెట్టె పెట్టాం. బియ్యం, పప్పు పోసి అద్దం నిలబెట్టాం. ఈ పెట్టెల పథకం చూసే ఇంజనీరు గారు వచ్చేసరికి పదిన్నర. పెద్దాయన, నెమ్మదస్తుడు. ఏమిటిదని అడిగితే నేను సగం ఇంగ్లీషులో సగం తెలుగులో తడబడుతుంటే ఈరమ్మ ముందుకొచ్చింది.

"నువ్వు నీ పని సూసుకో సార్. పొద్దు నడినెత్తికొచ్చినాక ఒకసారి బయటికి రా. అంతే."

ఆయన నవ్వి లోపలికి పోయాడు. ఈరమ్మ, హుసేన్‌బీ నేల మీద కూర్చొని, నీడ జరిగినప్పుడల్లా పెట్టెను జరిపారు. ఒంటిగంటకు ఆయన బయటికి వచ్చాడు. హుసేన్‌బీ మూత తీసింది. ఆవిరి మొహానికి కొట్టి ఆయన కళ్లద్దాలు మసకబారాయి. తుడుచుకొని, ఒక ముద్ద నోట్లో పెట్టుకొని, ఉప్పు తక్కువైందన్నాడు.

"ఉప్పు మా తప్పు సార్, ఎండది కాదు" అంది హుసేన్‌బీ.

డాబా, డబ్బాల సంగతి అప్పుడు చెప్పాను. తప్పు నాదేనని కూడా చెప్పాను. ఆయన ఇంగ్లీషు సర్క్యులర్ తీసి చూపించాడు. అందులో ఉన్నది ఫ్లాట్ రూఫ్ అని, అంటే చదునైన కప్పు అని. తెలుగు చేసినవాళ్లు డాబా అన్నారు. "మట్టిమిద్దె కూడా ఫ్లాట్ రూఫే. మిద్దెలున్నవాళ్ల కాగితాలు ఇప్పుడే సరిచేస్తాను. నెలలో పెట్టెలు వస్తాయి. రేకుల ఇళ్ల సంగతి నా చేతిలో లేదు. నియమం మార్చమని పైకి రాయాలి. ఎప్పటికి తేలుతుందో చెప్పలేను" అన్నాడు.

నెలలో పెట్టె. నేను ఈరమ్మ వైపు చూశాను. ఒప్పుకో అని కళ్లతోనే చెప్పాను. ఆమె ఎడమకన్ను ఎర్రగా ఉంది. కొంగుతో నీళ్లు ఒత్తుకుంటూనే ఉంది.

"పైకి రాసేటప్పుడు ఉత్త రేకులిండ్ల వాళ్లయే పంపుతావా సార్?" అని అడిగింది.

"అవును. అయిదారు దరఖాస్తులే కదా."

"అయిదారు కాగితాలంటే పైవాళ్లు సూస్తారా?"

ఆయన నిజాయితీ గలవాడు. చూడకపోవచ్చన్నాడు.

"అయితే అన్నీ ఒకటే కట్టగా పంపు సార్. మావీ అందులోనే ఉండనీ. తెగిన పోగు వదిలేసి నేసే అలవాటు మాకు లేదు."

హుసేన్‌బీ ఆమె చెయ్యి పట్టుకుంది. "వద్దు ఈరక్కా, నీ కండ్లు సూసుకో ముందు. నాది తర్వాత సూద్దాం" అంది. ఈరమ్మ వినలేదు. ఊరికి వచ్చి వీధిలో అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. ఇద్దరు ముగ్గురు సణిగారు, వాళ్ల తప్పేమీ లేదు. చివరికి అందరూ ఒప్పుకున్నారు. ఆ దరఖాస్తు నేనే రాశాను. ఉరుకుందప్ప చెప్పిన ఎండ లెక్క దానికి కుట్టాను. కింద అందరి వేలిముద్రలు. ఇంజనీరు గారు ఆఫీసు ఆవరణలో నేల మీద ఉడికిన అన్నం సంగతి కూడా కలిపి, గట్టిగా సిఫారసు రాసి పైకి పంపాడు.

జవాబు కోసం వానలు పోయాయి, చలికాలం పోయింది. నేను ఆదోని వెళ్లినప్పుడల్లా ఆఫీసు మెట్లెక్కి అడిగేదాన్ని. ఆ వానాకాలమంతా తడికట్టెల పొగే. ఉగాదికి ముందు ఒకరోజు ఈరమ్మ అచ్చు అతుకుతుంటే పక్కన కూర్చున్నాను. తల పూర్తిగా కుడివైపు తిప్పి, ఒక్క కంటితో చూస్తూ అతుకుతోంది. ఎడమకన్ను ఎప్పుడు పోయిందని అడగలేకపోయాను. ఆమే చెప్పింది, సంక్రాంతి అయినాక అని.

1985 ఎండాకాలంలో కొత్త ఫారాలు వచ్చాయి. ఆరో ప్రశ్న మారింది. నియమం మార్పించింది మా ఒక్క కట్టేనని అనను, ఇంకెన్ని ఊళ్లు అడిగాయో నాకు తెలియదు. కాని ప్రశ్న మారింది. కాగితాలు పట్టుకొని మగ్గాల వీధికి సైకిలు తొక్కుకుంటూ పోయాను. ముందు ఈరమ్మ ఇంటికే వెళ్లి, మనసులో ఏడాదిగా నలుగుతున్న మాట చెప్పేశాను.

"నేను ఆ రోజు సరిగ్గా అడిగుంటే మీకు నిరుడే పెట్టె వచ్చేది. మీ కన్ను నిలిచేదేమో."

ఆమె అతుకుతున్న పోగు పూర్తి చేసి, వేళ్ల బూడిద దులుపుకుంది. ఓదారుస్తుందనుకున్నాను. ఓదార్చలేదు.

"నువ్వు అప్పుడే మిద్దె ఎక్కింటే తెలిసిండేది గదమ్మా" అంది. కోపం లేదు ఆ గొంతులో. ఉన్నమాట చెప్పింది. "ఆ తర్వాత ఆదోనిలో నేను సెప్పిన మాట మాత్రం నాది. అది నువ్వు నెత్తినేసుకోవద్దు."

కాగితం తీశాను. ఈసారి ఒక్కొక్క అక్షరం విడదీసి చదివాను. "ఎండ పడే స్థలం కలదా?" చదివి, కలం పక్కన పెట్టి, "నేనేం అడిగానో మీరు చెప్పండి" అన్నాను.

"ఎండ పడే తావు ఉండాదా అని అడిగినావు."

"ఉందా?"

"పా సూపిస్తా" అంటూ లేచి నిచ్చెన దగ్గరికి నడిచింది. ఒక్క కంటితో మెట్టు అందక కాలు తడిమింది. నేను ముందు ఎక్కి, పైనుంచి చెయ్యి అందించాను.

ఆ తర్వాత ఇరవై రెండేళ్లు అదే ఉద్యోగం చేశాను. లెక్కలేనన్ని అప్లికేషన్లు నింపాను. ప్రశ్న చదివాక, నాకేం వినిపించిందో కాదు, వాళ్లకేం వినిపించిందో అడిగి తెలుసుకున్నాకే రాశాను. నా కళ్లతో చూడని ఇంటి గురించి ఒక్క కాగితం మీద కూడా మళ్లీ "లేదు" అని రాయలేదు.